చైనా బంతి అప్పగింత

ఒక వస్తువు లోపల ఇంకో వస్తువు ఉంటే, ఆ లోపలిది వేరే వస్తువు. దాన్ని విడిగా లెక్కపెట్టాలి, విడిగా తూచాలి, విడిగా నంబరు వేయాలి. ఈ మాట నేనన్నది కాదు. మా డైరెక్టరేటు వారు నాలుగు పేజీల సర్క్యులర్‌లో అన్నది.

దానికి కారణం లేకపోలేదు. ఎక్కడో ఒక మ్యూజియంలో రాణీగారి వెండి తమలపాకుల పెట్టె తెరిస్తే లోపల అటెండరు ముక్కుపొడుం డబ్బీ కనబడిందట. ఆరేళ్లుగా అది అక్కడే ఉందట. ఈలోగా ఒక పరిశోధకుడు వచ్చి చూసి, రాణీగారికి పొడుం అలవాటు ఉండేదని వ్యాసం కూడా రాసి వెళ్లాడు. అటువంటిది మళ్లీ జరగకూడదని పైవారు అనుకోవడంలో తప్పేముంది? సర్క్యులర్లను చూసి నవ్వేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. గోదావరి ఒడ్డున ఉన్న ఒక చిన్న మ్యూజియంలో నేను ఆఫీసు సూపరింటెండెంటుని. పాతికేళ్ల సర్వీసులో కొన్ని వందల సర్క్యులర్లు అమలు చేశాను. ఒకదానితో ఒకటి పొసగనివాటిని ఒకే రోజున అమలు చేసిన సందర్భాలు కూడా ఉన్నాయి.

మా మ్యూజియం ఒకప్పుడు ఒక జమీందారుగారి విడిది. మూడో గదిలో ఆయన దేశదేశాల నుంచి తెప్పించుకున్న వస్తువులు నాలుగు వందల పన్నెండు ఉన్నాయి. వాటిలో ఆఖరిది చైనా బంతి. ఏనుగు దంతంతో చేసినది, బత్తాయి పండంత ఉంటుంది. పైన డ్రాగన్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ ఉంటాయి. మధ్యమధ్య గుండ్రటి కన్నాలు. ఆ కన్నాల్లోంచి చూస్తే లోపల ఇంకో బంతి, దాని కన్నాల్లోంచి చూస్తే ఇంకోటి, అలా లోపలికి పోతూనే ఉంటాయి. ఏ బంతికి ఆ బంతి విడిగా తిరుగుతుంది. అతుకు ఎక్కడా లేదు. తొంభై ఏళ్ల కిందట రిజిస్టరు రాసిన మొదటి కీపరు ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా రాశాడు: "చైనా దేశపు దంతపు బంతి. ఒకటి."

ఆ గదికి కీపరు ముమ్మిడి సత్యలింగం గారు. ముప్పై నాలుగేళ్లుగా ఆయనే. పొద్దున్నే వచ్చి కోడి ఈకతో బంతి కన్నాల్లో దుమ్ము దులిపి, కొబ్బరి ఈనెతో లోపలి బంతులను కాస్త కదిపి, ఆ తర్వాతే కిటికీ తలుపులు తీసేవారు. ఆయన హయాంలో ఆ గదిలోంచి గుండుసూది పోలేదు. ఇబ్బందల్లా కళ్లతోనే. రెండు కళ్లకీ శుక్లాలు వచ్చాయి. కుడికన్ను బాగా ముదిరిపోయిందని, వెంటనే ఆపరేషను చేయించుకోకపోతే చూపు పోతుందని డాక్టరు చెప్పి అప్పటికే ఆరు నెలలైంది. కానీ కీపరు మూడు రోజులకు మించి సెలవు పెట్టాలంటే గది మొత్తం ఇంకొకరికి అప్పగించాలి. నాలుగు వందల పన్నెండు వస్తువులు ఒక్కొక్కటిగా అప్పగించడానికి పదకొండు రోజులు, తిరిగి తీసుకోవడానికి పదకొండు రోజులు పడుతుంది. ఎలాగూ జూన్ ముప్పైన రిటైరవుతున్నాను కదా, ఒకేసారి అప్పగించేసి జూలై మొదటి వారంలో చేయించుకుంటానని ఆయన తేదీ కూడా తీసుకున్నారు.

జూన్ రెండో వారంలో తనిఖీ అధికారి హేమసుందరి గారు వచ్చారు. చేతిలో టార్చి, సంచిలో చిన్న త్రాసు, చంకలో ఆ సర్క్యులర్. కష్టపడే మనిషి, లంచం అంటే ఏమిటో తెలియని మనిషి. అటువంటివారికి సర్క్యులర్ చేతికిస్తే ఏం జరుగుతుందో పైవారు ఆలోచించినట్టు లేదు.

నాలుగు వందల పదకొండు వస్తువులు సరిపోయాయి. ఆఖరున బంతిని చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఆడించారు. లోపల ఏదో కదిలింది. ఏముందని సత్యలింగం గారిని అడిగారు. ముప్పై నాలుగేళ్లలో ఏ అధికారీ ఆ బంతి గురించి ఆయన్ని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. అడిగేసరికి ఆయన పొంగిపోయి, ఈనె తెచ్చి బంతులు తిప్పి చూపించారు.

"ఇదంతా ఒక్క దంతం ముక్కేనండి. ఆ చైనా ఆయన పైనుంచి కన్నాలు పెట్టుకుని, వంకీ ఉలితో లోపల్లోపల గీక్కుంటా పోయాడండి. ఇయ్యి లోపల పెట్టినయ్యి కాదండి, లోపలే పుట్టినయ్యండి."

హేమసుందరి గారు శ్రద్ధగా విని, మొత్తం ఎన్ని పుట్టాయని అడిగి కలం తీశారు. తన ముందున్న కీపరు తొమ్మిదనేవారని, తనకు వయసులో ఉన్నప్పుడు ఏడు దాకా కనబడేవని, ఇప్పుడీ కళ్లతో నాలుగు దాటి కనబడటం లేదని సత్యలింగం గారు ఉన్నదున్నట్టు చెప్పారు. అధికారి తానే టార్చి వేసి చూస్తే ఆరు. చార్జి తీసుకోవడానికి వచ్చి కూర్చున్న కొత్త కీపరు ప్రసన్నకుమార్‌కు ఏడు. నా చత్వారం కళ్లద్దాలతో నాకు తొమ్మిది. పని ఆగకూడదని నేను నలుగురి లెక్కలకూ సగటు తీసి నోటు పెట్టాను. ఆరున్నర బంతులు ఆమోదయోగ్యం కాదని ఆవిడ కొట్టేశారు.

మర్నాడు సత్యలింగం గారికి మెమో వెళ్లింది. ముసాయిదా నాదే, బాగా కుదిరింది కూడా. "రిజిస్టరు ప్రకారము ఒక బంతి ఉండవలసిన చోట ఒకటికి మించి బంతులు ఉన్నట్లు తనిఖీలో వెల్లడైనది. సదరు అదనపు బంతులు మీ చార్జి కాలములో ఏ తేదీన, ఏ ద్వారము గుండా, ఎవరి అనుమతితో లోనికి ప్రవేశించినవో మూడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను."

ఆయన తెల్లకాగితం మీద పెద్దపెద్ద అక్షరాలతో జవాబిచ్చారు. వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. బంతులు ఏ ద్వారం గుండానూ రాలేదని, ఎవరూ ఏమీ పెట్టలేదని, దంతం గీకి తీసేయగా మిగిలినవే ఆ బంతులని రాశారు. నిజం రాస్తే తగువు తీరిపోతుందని ఆయన నమ్మకం. రెండో మెమో వెంటనే వెళ్లింది. "మీ సంజాయిషీలో మీరే అంగీకరించినట్లు సదరు వస్తువు నుండి కొంత దంతము తొలగించబడినది. ఆ విధముగా తొలగించిన దంతము, పొడి రూపములోనైనను, ప్రస్తుతము ఎచ్చట భద్రపరచబడినదో తెలియజేయవలెను."

దీంతో ఆయన మీద ఒకే వస్తువులో ఎక్కువ ఉన్నందుకు ఒక ఫైలు, తక్కువ ఉన్నందుకు ఒక ఫైలు తయారయ్యాయి.

జూన్ ముప్పైన శాలువా కప్పాం, దండ వేశాం. ఆయన సేవలు మరువలేనివని నేను పది నిమిషాలు మాట్లాడాను. రిలీవింగు ఆర్డరు మాత్రం ఇవ్వలేదు. ప్రసన్నకుమార్ నాలుగు వందల పదకొండింటికి సంతకం పెట్టి పన్నెండోది దగ్గర ఆగిపోయాడు. కుర్రవాడైనా జాగ్రత్తపరుడు, తను చూడలేని బంతులకు సంతకం పెట్టనన్నాడు. చార్జి అనేది అప్పగిస్తే మొత్తం అప్పగించాలి, సగం సగం కుదరదు. అందువల్ల జూలై ఒకటి నుంచి మూడో గదికి ఇద్దరు కీపర్లు. ఒకరు రిటైరయ్యారు కానీ చార్జి ఉంది. ఒకరికి ఉద్యోగం ఉంది కానీ చార్జి లేదు. ఇద్దరూ ఎదురెదురుగా కుర్చీలు వేసుకుని బంతిని చూస్తూ కూర్చునేవారు. రిటైరైన మనిషి హాజరుపట్టీలో సంతకం పెట్టకూడదు కనుక సత్యలింగం గారు రోజూ సందర్శకుల పుస్తకంలో పెట్టేవారు. అభిప్రాయం గడిలో "బాగుంది" అని రాసేవారు.

బంతుల సంఖ్య తేల్చడానికి ముగ్గురితో కమిటీ పడింది. కమిటీ తనలోంచి ఒక ఉపసంఘాన్ని వేసింది. ఉపసంఘం సాంకేతిక అంశాలకు ఒక నిపుణుల బృందాన్ని, ఆ బృందం లెక్కింపు పద్ధతి నిర్ణయించడానికి ఇద్దరు సభ్యులను నియమించింది. ఆ ఇద్దరూ ఎవరో బయటివారికి తెలిసేది కాదు. నాలుగు సమావేశాల తర్వాత లోపలి నుంచి బయటికి వచ్చిన సిఫారసు ఏమిటంటే, బంతికి స్కానింగు తీయించాలని.

పెద్దాసుపత్రికి నేను, సత్యలింగం గారు రిక్షాలో వెళ్లాం. బంతి ఆయన ఒళ్లో ఉంది, దూది పెట్టిన అట్టపెట్టెలో. ఓపీ చీటీ లేనిదే ఎవరినీ లోపలికి పంపరు. గుమాస్తా రాసుకున్నాడు. పేరు చైనా బంతి. వయసు సుమారు నూట ఎనభై. సంరక్షకుడు ముమ్మిడి సత్యలింగం. వరుసలో మా ముందు కాలు విరిగినవాళ్లు ముగ్గురున్నారు. మధ్యాహ్నానికి రిపోర్టు ఇచ్చారు. "గుండ్రని గట్టి పదార్థము. లోపల, బయట కలిపి తొమ్మిది పొరలు. విరుగుళ్లు లేవు. వారం తర్వాత మళ్లీ చూపించుకోవలెను."

తిరిగి వస్తుంటే వరండాలో కళ్ల డాక్టరు ఎదురయ్యారు. తేదీ ఇస్తే ఎందుకు రాలేదని సత్యలింగం గారిని నిలదీశారు. అప్పటికే ఆ తేదీ దాటి ఇరవై రోజులైంది. ఈ పెట్టెలోది తేలగానే వచ్చేస్తానని ఆయనన్నారు. డాక్టరు అక్కడే నిలబెట్టి కుడికంటి రెప్ప ఎత్తి చూసి, నా వైపు తిరిగి, ఇంకో నెల గడిస్తే ఈ కన్ను తన చేతుల్లో ఉండదని చెప్పారు. అది నాకెందుకు చెప్పారో తెలియదు. నేను ఆయన బంధువుననుకున్నారేమో.

స్కానింగు రిపోర్టు పైకి పంపి, తొమ్మిదన్నది నా లెక్కే కదా అని లోలోపల కొంచెం గర్వపడ్డాను. పది రోజుల్లో జవాబు వచ్చింది. స్కానింగు అనేది నీడను ఫొటో తీయడమే తప్ప భౌతిక తనిఖీ కాదు. భౌతిక తనిఖీ అంటే వస్తువును చేతిలోకి తీసుకొనుట, తూచుట, సిరాతో నంబరు వేయుట. "కావున నైపుణ్యము గల వడ్రంగి చేత పై బంతిని కోయించి, లోపలి బంతులను క్రమముగా వెలికితీసి, ఒక్కొక్కదానికి నంబరు వేసిన పిమ్మట మరల యథాతథముగా అతికించవలెను. అతుకు కనబడరాదు. ఇందుకు చార్జిలో ఉన్న కీపరు నుండి అభ్యంతరము లేదను పత్రము తీసుకొనవలెను."

ఆ పత్రం మీద సంతకం పెడితే ఆ సాయంత్రమే రిలీవింగు ఆర్డరు ఇమ్మని హేమసుందరి గారు దయతో ఫోను కూడా చేశారు. సత్యలింగం గారి కంటి సంగతి ఆవిడకు తెలిసింది. ఆవిడ మంచిదేనని ముందే చెప్పాను. నేను పత్రం టైపు చేయించి, కలం మూత తీసి ఆయన ముందు పెట్టాను.

ఆయన కాగితాన్ని ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని చివరిదాకా చదివారు. మళ్లీ బల్ల మీద పెట్టేశారు.

"కోసేత్తే మరి బాగవ్వదండి ఇది. నేను పెట్టనండి."

కళ్ల మాటేమిటని అడిగాను.

"కళ్లు నాయ్యేనండి, ఏవైనా నాకే అవుద్ది. బంతి నాది కాదు కదండీ, ఏదో చూసుకోమని ఇచ్చారు."

ఆయన వెళ్లిపోయారు. రెండు మెమోలూ నేనే రాశాను, బాగా కుదిరాయని మురిసిపోయాను. ఒక మనిషి కన్ను నా ఫైలులో ఇరుక్కుపోయిందని నాకు అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. సిగ్గేసినా నాకు తెలిసిన విద్య ఒక్కటే, అందుకని బీరువా తీసి మ్యూజియం నిబంధనల పుస్తకం మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను.

మూడు రోజులు చదివితే ఒక సంగతి తేలింది. వస్తువు ఎక్కువైతే ఏం చేయాలో పుస్తకంలో ఎక్కడా లేదు. ఎక్కువవుతుందని రాసినవారికి తట్టనే లేదు. పోతే మాత్రం ఏం చేయాలో పదకొండు పేజీలున్నాయి. కీపరు వాంగ్మూలం, పోలీసు ఫిర్యాదు, ఆచూకీ లేదన్న సర్టిఫికెట్టు, రిజిస్టరులో కొట్టివేత, ఆపై చార్జి అప్పగింత. అన్నిటికీ అచ్చువేసిన ఫారాలున్నాయి. రిజిస్టరులో బంతికి వెల రాయలేదు కనుక ఆయన దగ్గర రాబట్టేదీ ఉండదు. ఒక్కటే కష్టం. ఆయన సర్వీసు పుస్తకంలో ఆఖరి పేజీ మీద ఎర్రసిరాతో, నిర్లక్ష్యం వల్ల వస్తువు పోగొట్టినాడని రాయాలి.

ఆ మాట ఆయనతో చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. ముప్పై నాలుగేళ్లు గుండుసూది పోనివ్వని మనిషి.

"పోయిందని రాసేత్తే, ఇంక దాన్నెవరూ కొయ్యరు కదండీ?" అన్నారు ఆయన.

లేనిదాన్ని ఎలా కోస్తారన్నాను. ఆయన కలం కోసం చెయ్యి చాపారు. గీత కనబడటం లేదంటే నేను వేలు పెట్టి చూపించాను. నా వేలి పక్కనే సంతకం పెట్టారు. ఆయన తప్పు చేసినట్టు ఒప్పుకున్న కాగితం ఆయన సర్వీసంతటికీ అదొక్కటే, దాన్ని రాయించింది నేను.

పోలీసు స్టేషన్ నుంచి ఎస్సై వీర్రాఘవులు గారు పంచనామాకు వచ్చారు. పోయిన వస్తువు ఎక్కడ ఉండేదని అడిగారు. సత్యలింగం గారు అద్దాల పెట్టె చూపించారు. అందులో బంతి ఉంది. ఎస్సై గారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, పోయింది ఇదేనా అన్నారు. ఇదేనండి అన్నారు సత్యలింగం గారు. ఇక లాభం లేదని నేను కుర్చీ వేయించి, టీ తెప్పించి, రెండు ఫైళ్లూ మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. మధ్యలో నవ్వుతారేమోనని చూశాను. ఆయన నవ్వలేదు, నిట్టూర్చారు.

"మా స్టేషన్‌లో పోయిన సైకిళ్లు పన్నెండండి, దొరికినవి పదిహేడు. ఆ ఐదూ ఎక్కడివని నన్ను మూడేళ్లుగా చంపుతున్నారండి. తక్కువైతే బతకొచ్చు గానీ ఎక్కువైతే బతకలేమండి ఈ సర్కారులో."

పంచనామా ఆయన స్వహస్తంతో రాశారు. "పోయిన వస్తువు పోయిన స్థలములోనే ఉన్నది. పెట్టె తాళము చెక్కుచెదరలేదు. బయటివ్యక్తుల ప్రమేయము కనబడలేదు. ఎంత వెదకినను ఆచూకీ తెలియరాలేదు." ఇంత నిజాయితీగా రాసిన పంచనామా నేను చూడలేదు.

అంతే, ఫైలు పరుగెత్తింది. కమిటీ, దాని లోపలివన్నీ ఒకే రోజున రద్దయ్యాయి. హేమసుందరి గారు వచ్చి నాలుగు వందల పదకొండు వస్తువులు చూసుకున్నారు. అద్దాల పెట్టె ముందు ఆగి, ఇందులోది ఏమిటని అడిగారు. పోయిన వస్తువని చెప్పాను. రికార్డు ప్రకారం పోయినట్టేనా అన్నారు. పోయినట్టే అన్నాను. టిక్కు పెట్టి, ప్రసన్నకుమార్ చేత సంతకం చేయించి, గదిలోంచి బయటికి వెళుతూ అమ్మయ్య అన్నారు. ఆవిడకు కూడా చాలా రోజుల నుంచి నిద్ర లేదని ఆ మాటతో నాకు తెలిసింది.

బంతిని అక్కడి నుంచి తీసేద్దామంటే వీలుపడలేదు. వస్తువును గదిలోంచి కదపాలంటే గేటు పాసు కావాలి, లేని వస్తువుకు గేటు పాసు ఇవ్వకూడదు. అలాగే ఉంచేశాం. పోయిన ప్రతి వస్తువు స్థానంలోనూ ఆ విషయం తెలిపే చీటీ పెట్టాలన్న నిబంధన ఉంది కనుక, బంతి పక్కన "ఈ వస్తువు పోయినది" అని చీటీ పెట్టాం. జనం ఆ రెండింటినీ మార్చిమార్చి చూసి ముందుకు వెళ్లిపోతారు. సందర్శకుల పుస్తకంలో తణుకు నుంచి వచ్చిన ఒక మాస్టారు, మీ మ్యూజియంలో ఉన్నవాటికంటే పోయిందే బాగుందని రాశారు.

సత్యలింగం గారికి ఆగస్టు ఆఖరున ఆపరేషను జరిగింది. ఎడమకన్ను చక్కగా వచ్చింది. కుడికంటికి వెలుగూ చీకటీ తప్ప ఇంకేమీ తెలియదు. ఒక నెల ముందు వచ్చి ఉంటే అని డాక్టరు అన్నారట. ఆ నెల ఎక్కడ పోయిందో నా ఫైలులో తేదీలతో సహా ఉంది.

మరుసటి ఏడాది తనిఖీ మొదలైన రోజున ఆయన టిక్కెట్టు కొనుక్కుని వచ్చారు. బంతిని ఒక్కసారి చేతిలోకి తీసుకోవచ్చా అని ప్రసన్నకుమార్‌ని అడిగారు. ప్రసన్నకుమార్ పుస్తకం తిరగేసి, ఉన్న వస్తువులను సందర్శకులు ముట్టుకోకూడదని ఉంది గానీ లేని వస్తువుల గురించి ఏమీ లేదని, పెట్టె తాళం తీసి ఇచ్చాడు. కుర్రవాడు నా దగ్గర పని నేర్చుకుంటున్నాడు.

సత్యలింగం గారు కిటికీ దగ్గర కూర్చుని, ఎడమకంటికి బంతిని దగ్గరగా పెట్టుకుని, ఒక్కొక్క బంతినీ తిప్పుతూ కన్నాలన్నీ ఒక వరుసకు తెచ్చారు. అరగంట పట్టింది. తర్వాత ఊపిరి బిగబట్టి చూశారు. నన్ను చేత్తో పిలిచారు. ఆ కంట్లో నీళ్లున్నాయి.

"తొమ్మిదోదాని మీద పువ్వుందండి. ఆవగింజంత పువ్వు. రేకులు కూడా చెక్కాడండి. అంత లోపల ఎవరు చూత్తారని చెక్కాడండీ ఆయన?"

నేను వంగి చూశాను. ఉంది. ఐదు రేకులు. మధ్యలో వేరే ముక్కలా ఒక బొడిపె, దాని చుట్టూ సందు కూడా ఉన్నట్టుంది. అది విడిగా తిరుగుతుందేమో కూడా. నేను గభాలున బంతిని పక్కకు తిప్పేసి, మెల్లగా మాట్లాడమని ఆయన చెయ్యి నొక్కాను. హేమసుందరి గారు టార్చితో రెండో గదిలోనే ఉన్నారు.